వంతెనమ్మ తల్లి

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుని చదవండి. నా రాత చాలా నిదానం. అందుకే కథ చెప్పే పని ఒక రాయికి అప్పజెప్పాను. దానికీ తొందర లేదు.

నేను ఒక శంకుస్థాపన రాయిని. కొండ కడుపులో ఎంతకాలం పడుకున్నానో నాకు తెలియదు. పేల్చారు, కోశారు, అద్దంలా నున్నగా చేశారు. ఉలితో నా ఒంటి నిండా పేర్లు చెక్కి బంగారు రంగు పూశారు. పెద్దవాళ్ల పేర్లు పెద్దగా పైన, ఊరి సర్పంచి పేరు అడుగున, గడ్డి మొలిస్తే కనిపించనంత కింద.

నన్ను ఒక గెడ్డ ఒడ్డున నిలబెట్టారు. గెడ్డ అంటే మా వైపు కొండ మీంచి దిగే వాగు. తెర లాగారు, కొబ్బరికాయ కొట్టారు, ఇక్కడ వంతెన వస్తుందని చెప్పి వెళ్లిపోయారు. తరువాత ఎవరూ రాలేదు.

రాయికి నిద్ర తక్కువ, కలలు ఎక్కువ. సాయంత్రం నా నీడ నీళ్ల మీద సాగి సాగి అవతలి ఒడ్డును తాకేది. ఎవరూ కట్టని ఆ వంతెన మీద మబ్బులు నడిచి వెళ్లేవి.

సర్పంచి సింహాచలం ఆఫీసుల చుట్టూ తిరిగి వచ్చి, చీర కొంగుతో మొహం తుడుచుకుని నాకు చేరగిలబడేది. జిల్లాను అడిగితే రాష్ట్రం ఇవ్వాలంటారు. రాష్ట్రం తన ఖజానా జీతాలకే చాలడం లేదంటుంది, కేంద్రం వాటా రానీ అంటుంది.

"ఎవుల్నడిగినా పైన, పైన అంతారు" అనేది.

నేనూ పైకి చూశాను. కొంగలు పోతున్నాయి.

ఆ ఏడు వానల్లో ఊళ్లోని నీలమ్మ కోడలికి నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి అవతల ఉంది, గెడ్డ పొంగి ఉంది. మంచాన్ని నా పక్కనే దించారు. గెడ్డ తగ్గేసరికి ఆలస్యమైపోయింది, బిడ్డ దక్కలేదు. ఆ తరువాతి శుక్రవారం నీలమ్మ వచ్చి నాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. వంతెన ఇమ్మని మొక్కింది. మరో శుక్రవారానికి ఊరి ఆడవాళ్లందరూ వచ్చారు. పసుపు కింద పెద్దవాళ్ల పేర్లన్నీ మునిగిపోయి నేను వంతెనమ్మ తల్లినయ్యాను.

నీలమ్మ కోడలికి మళ్లీ నెల తప్పింది. వానలకి నెలలు నిండుతాయి.

అప్పుడే ఒక ఇంజనీరు వచ్చాడు. చిన్న వంతెనలు కట్టుకునే అధికారాన్నీ డబ్బునూ ప్రభుత్వం పంచాయతీలకే వదిలేసిందని, ఇక ఊరే నిర్ణయించుకోవచ్చని చెప్పాడు. మార్చి నెలాఖరులోగా పని మొదలుపెట్టకపోతే మాత్రం డబ్బు మురిగిపోతుంది. గట్టి నేల ఎక్కడుందో చూసి, స్తంభం పునాదికి సున్నంతో గీత గీశాడు. సరిగ్గా నా చుట్టూ.

ఊరు గొల్లుమంది. అమ్మను కదిపితే ఊరికి అరిష్టమన్నారు.

"వంతెనిమ్మని మొక్కినాం, వంతెనొచ్చింది. ఇప్పుడు అమ్మే అడ్డంగా నిలబడింది" అని పునాది తవ్వడానికి వచ్చిన కూలి ఎర్రయ్య నవ్వాడు.

"నీ నోట్లో మన్నుపడ. అధికారం ఇచ్చినారు గానీ అమ్మని లేపమని ఎవులిచ్చినారు?" అంది సింహాచలం.

మార్చి అయిపోవస్తోంది. చివరికి అమ్మనే పువ్వు అడుగుదామన్నారు. నెత్తిన బంతిపువ్వు పెడతారు. కుడివైపు రాలితే సరే, ఎడమవైపు రాలితే వద్దు.

నీలమ్మ పువ్వు పెట్టింది. అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. పసుపు అంత మందాన ఉంటే పువ్వు ఎలా జారుతుంది? అది అతుక్కుపోయింది. రాలమ్మా, కుడికి రాలు అని నేనే దాన్ని బతిమాలాను. ఇంతమంది మొక్కే నాకు ఒక పువ్వును కదిపే అధికారం లేదు. ఎండ ఎక్కింది. ఇంజనీరు గొడుగు తెరిచాడు.

"అమ్మకి ఇష్టం నేదేమో" అన్నారు ఎవరో.

"ఇష్టం నేకపోతే ఎడమకి రాల్చును కదా?" అంది నీలమ్మ. కోడలి వంక చూసింది. ఆ పిల్ల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మ కూడా మన ఇష్టానికే ఒగ్గీసింది, సింహాచలం. తప్పయితే నా నెత్తినెయ్యండి."

పువ్వు తీసి కోడలి కొప్పులో పెట్టింది. కొంగుతో నా పసుపు తుడిచింది. పేర్లు మళ్లీ బయటపడ్డాయి. వాటిని ఎవరూ చదవలేదు. ఎర్రయ్య చేతిలోని గునపం తీసుకుని నీలమ్మే మొదటి పోటు పొడిచింది.

నన్ను బోర్లా పడుకోబెట్టి నా మీదనే స్తంభం లేపారు. ఇప్పుడు నాకు పసుపూ లేదు, రంగూ లేదు. పక్కన నీళ్ల చప్పుడు, పైన అడుగుల చప్పుడు. నీళ్లు ఏదో చెబుతూ పోతాయి, నేను వింటూ ఉంటాను. నా నీడ ఎటు పోయిందో తెలియదు.

వానలు ముదిరాక ఒక పొద్దున్న గెడ్డ పొంగి పొర్లుతుంటే పైనుంచి ఒక ఆటో గబగబా అవతలికి పోయింది. లోపల నీలమ్మ గొంతు, కోడలి మూలుగు వినిపించాయి. కొన్నాళ్లకు అదే ఆటో మెల్లగా తిరిగి వచ్చింది. వెళ్లినప్పటికంటే లోపల ఒక గొంతు ఎక్కువ వినిపించింది.

మజ్జి సూరీడమ్మ,
డెబ్బై ఒకటో ఏడు,
ఇప్పుడు గెడ్డ అవతల, కూతురింట ఉంటున్నాను.