ఫలాహారి

బొప్పాయి ముక్క బఠాణీగింజకు మించకూడదు. ఆ పసుపుపచ్చ పాటపిట్ట కొరికి తినదు, గుటుక్కున మింగుతుంది. ముక్క పెద్దదైతే ఊసేసి మళ్లీ ఆ గిన్నె వైపు రాదు. ఇరవైరెండేళ్లుగా ఆమె ఇలాగే కోస్తోంది. బొప్పాయి పాలకు వేళ్ల సందులు పగిలి, ఎంత కడిగినా నల్లగానే ఉంటాయి. పక్షుల పార్కులో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు. మేత గది మూల, తవుడు పోసిన పళ్లేల్లో పిండిపురుగులు పెంచడం వల్ల వచ్చిన పేరది.

ఇవాళ ఆ మూల ఖాళీగా ఉంది. ఫినాయిలు వాసన కొడుతోంది.

మొన్న కొత్త సూపర్‌వైజరు పళ్లేలన్నీ పారబోయించాడు. పంజరం ముందున్న బోర్డు చూపించి, "ఫలాహారి అని రాసుంది కదమ్మా, పురుగులెందుకు?" అన్నాడు. బోర్డులో తప్పేమీ లేదు. ఆ పిట్ట ఏడాది పొడుగునా పళ్లే తింటుంది. కాని గుడ్డు పగిలాక వారం రోజులు పిల్లల నోట్లో మాత్రం పురుగులే పెడుతుంది. పండుతో పిల్లకు కండ పట్టదు. గూట్లో మూడు పిల్లలున్నాయి. ఆరేళ్ల తర్వాత పిల్లలైన గుడ్లు. ఆమె అదంతా చెప్పింది. కాగితం మీద రాసిస్తే పైకి పంపుతానన్నాడు.

సరే సార్, అంది.

గిన్నెతో పంజరంలోకి వెళ్లింది. తల్లిపిట్ట అంచున వాలి, బొప్పాయిని వదిలేసి, ఆమె ఎడంచేతికేసి చూసింది. పురుగులు ఎప్పుడూ ఆ చేతిలోనే ఉండేవి. ఆ చూపుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది. నిన్నే నాలుగు మిడతలు పట్టి జేబులో వేసుకొచ్చుంటే ఎవరు చూసేవారు? ఎవరూ అడ్డు పడలేదు. తనకు తనే అడ్డు పడింది. సూపర్‌వైజరు మీద కోపానికి ఒక ముఖం ఉంది, దాన్ని తిట్టుకోవచ్చు. మనసు కాదంటున్నా ముందే తల ఊపేసే ఈ మెడను ఏమని తిట్టాలి?

బయట ఊడుస్తున్న మనిషి చీపురు ఆపి, "పళ్లు రాని నోటికి పళ్లు పెట్టమన్నాడంటగా అక్కా," అంది. మరోరోజైతే ఇద్దరూ నవ్వుకునేవారు. ఆమె గిన్నె అక్కడే పెట్టి, గోడ వెనక గడ్డిలోకి నడిచింది.

మోకాళ్ల మీద పాకుతూ పదకొండు మిడతలు పట్టింది. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. గూట్లో చప్పుడు లేదు. నిచ్చెన ఎక్కింది. రెండు పిల్లలు ఒకదాని మీద ఒకటి చల్లబడి ఉన్నాయి. మూడోది నోరు తెరిచే ఉంది. అందులోంచి గోధుమరంగు పురుగు వేలాడుతోంది. ఆమె ప్రాణం లేచొచ్చింది. వేలితో తాకింది. పిల్ల కదల్లేదు. పురుగు సాగింది.

పళ్ల సంచుల మూతికి చుట్టే రబ్బరు బ్యాండు. నేలంతా వెతికి తల్లి తెచ్చుకున్నది.

జేబులోని మిడతల్ని పంజరంలో విడిచిపెట్టి ఆఫీసుకు వెళ్లింది. సూపర్‌వైజరు తలెత్తాడు.

"మీరు పుట్టిన నాడే అన్నం తిన్నారా, సార్?"

ఏం మాటలవి అని అతను కుర్చీలోంచి లేచాడు. జవాబు వినడానికి ఆమె ఆగలేదు. తెరిచిన గేటులోంచి రోడ్డు మీదికి వెళ్లిపోయింది, మర్నాడు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

ఆమె గేటు దాటేసరికి అతని బల్ల మీద, సంతకం పెట్టాల్సిన కాగితాల నడుమ, ఆమె పెట్టిపోయిన, ఇంకా తడారని రబ్బరు బ్యాండు మెల్లగా మెలిక విప్పుకుంటోంది.