మంచం మార్చండి, బడి కాదు

మంచాలు లెక్కపెట్టుకునే పెద్దమనుషుల్లారా, ఈ పిల్లల చదువు చెడగొట్టింది మీరే! ఇల్లు లేని పిల్లల్ని సాకుతున్నామని గొప్పలు పోతారు. ఏదో ఒక హోములో మంచం ఖాళీ అయితే చాలు, చదువుల మధ్యలో పిల్లని పెట్టెతో సహా అక్కడ దించేస్తారు. హోముతో పాటు బడీ మారిపోతుంది. మరి పాఠం సంగతి?

ఓ హోములో గడుగ్గాయి అని ఓ పిల్ల. పదో తరగతి. ఎన్ని బళ్లు తిరిగిందో! ఏ బడిలో అడుగుపెట్టినా అప్పటికే భిన్నాలు చెప్పేసి ఉండేవారు. అవి కనబడితే చాలు, పిల్ల భయపడి పుస్తకం మూసేసేది. ఈ బడి లెక్కల టీచరమ్మ మాత్రం సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచి చెబుతోంది. పిల్ల ఇప్పుడిప్పుడే దారిన పడుతోంది. పరీక్షలు దగ్గరపడ్డాయి. అంతలో పిడుగులాంటి కబురు: ఊరికి ఆ చివర పెద్దపిల్లల హోములో మంచం ఖాళీ అయిందట.

ఆఫీసు గదిలో హోముల ఆఫీసరు మీటింగు పెట్టాడు. ఎవరి గురించి మీటింగో ఆ పిల్ల బయట బెంచీ మీద కూర్చోవాలి, అదీ అక్కడి ఆనవాయితీ. లోపల హోము చూసుకునే పిన్ని పిల్లని పంపొద్దని బతిమాలుతోంది. గడుగ్గాయి కాసేపు గోళ్లు కొరుక్కుంది. ఇక ఆగలేక తలుపు తోసుకుని వెళ్లింది.

"ఏయ్, నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాడు ఆఫీసరు.

"మాట్లాడేది నా గురించే కదా సార్. నేను లేకపోతే ఎలా?"

పిన్ని దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అక్కడా బడి ఉందమ్మా," అన్నాడు ఆఫీసరు.

"ఉంటుంది సార్. సగం సినిమా అయ్యాక టికెట్టిస్తారు!"

"ఇంకో పాప వస్తోంది. నీ మంచం కావాలి."

"ఇచ్చేయండి. మంచం మార్చండి, బడి మార్చకండి. మన హోము వ్యాను నడిపే డ్రైవరు మామ ఇల్లు అటేగా? పొద్దున వ్యాను ఖాళీగా వస్తుంది, సాయంత్రం ఖాళీగా పోతుంది. నన్నెక్కించుకుంటే అరిగిపోతుందా?"

ఆఫీసరు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదే!"

"పిల్లల్ని మీరెప్పుడడిగారు సార్?" అంది పిన్ని.

మర్నాటినుంచి వ్యానులో ముందు సీటు గడుగ్గాయిదే. ఫలితాలొచ్చిన రోజు టీచరమ్మ బడి గేటు దగ్గరే ఆమెని వాటేసుకుంది. లెక్కల్లో క్లాసుకే మొదటి మార్కు!

"ఇప్పుడు చెప్పవే, భిన్నాలంటే భయమా?"

"వాటికే నేనంటే భయం టీచర్!"

గెలిచింది. కానీ ఒక్క పిల్ల గెలిస్తే సరిపోదు. చదువుల మధ్యలో ఏ పిల్లకీ బడి మార్చడానికి వీల్లేదు. పిల్ల గురించి మాట్లాడే గదిలో పిల్లకీ కుర్చీ వెయ్యాలి. పై ఏడాదికి చూద్దాం అంటే కుదరదు. ఇవాళే మొదలుపెట్టండి!