నలభై మిషన్ల మీద టేపు

మా లైనులో అందరూ అక్కా అని పిలిచే ఆమె చెయ్యి మిషన్‌లో పడ్డప్పుడు ముందుగా పరుగెత్తుకొచ్చినవాడు కెమెరా పట్టుకున్న సేఫ్టీ ఆఫీసరు. నేను అక్కని బల్ల మీద పడుకోబెట్టి, తువ్వాలుతో ఆమె చెయ్యి చుడుతున్నాను. అతను మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆమె మిషన్‌ని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీశాడు. తర్వాత వరసలో మిగిలిన ముప్పై తొమ్మిదింటినీ ఒక్కొక్కటే తీసి, "ఇవన్నీ శుభ్రంగా ఉన్నాయి" అని రాసుకున్నాడు.

ఆ శుభ్రం చేసింది మేమే. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే.

పనిచేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మీలో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. మాది డబ్బాల మూతలు కొట్టే ప్రెస్సు. ప్రతి మిషన్‌కీ చెరోవైపు ఒక బటన్ ఉంటుంది. రెండు చేతులతో రెండూ ఒక్కసారే నొక్కితేనే పైనున్న బరువైన అచ్చు కిందికి దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉంటే అచ్చు కింద ఉండవు కదా, బుద్ధున్నవాడెవడో చేసిన ఏర్పాటు అది. కానీ అలా చేస్తే కంపెనీ అడిగినన్ని మూతల్లో సగం కూడా రావు. అందుకని కుడి బటన్‌ని నొక్కి పెట్టి టేపు వేసేస్తాం. ఎడమ చేత్తో బటన్ కొడుతూ కుడి చేత్తో రేకులు అందిస్తాం.

ఈ విద్య మాకు పుట్టుకతో రాలేదు. చేరిన రోజే సూపర్‌వైజర్ టేపు చుట్ట చేతిలో పెడతాడు. మనిషి మొహం చూడకుండా ఎప్పుడూ మణికట్టే చూసుకుంటాడు కాబట్టి మేమతన్ని గడియారం అంటాం. "రెండు చేతుల్తో చేసే మహారాణులు ఇంటికెళ్లిపోవచ్చు" అంటాడు. ఒక పిల్ల నిజంగానే రెండు చేతులతో చేసింది. మూడో రోజున ఆమెని నిజంగానే ఇంటికి పంపించారు.

సరుకు కొనే కంపెనీవాళ్లు అప్పుడప్పుడు తనిఖీకి వచ్చేవారు. వాళ్ల కారు గేటు దగ్గర ఆగగానే గడియారం రెండు చప్పట్లు కొట్టేవాడు. అంతే, నలభై టేపులూ ఊడి నలభై జేబుల్లోకి వెళ్లిపోయేవి. ఆలోచన అక్కర్లేదు, చేతులకి అలవాటైపోయింది. ఆ రోజు అక్క కేక వినగానే గడియారం చప్పట్లు కొట్టాడు. మేం ఆమె వైపు పరుగెత్తే ముందు టేపులు పీకేశాం. పక్క మిషన్ నాదే, నేనూ పీకాను. అక్క టేపు ఒక్కటే మిగిలిపోయింది. పీకడానికి ఆమెకి చెయ్యేదీ?

వారంలో రిపోర్టు వచ్చింది. ముప్పై తొమ్మిది మంది నియమం పాటించారనీ, ఒక్కరే దాటారనీ, ప్రమాదానికి ఆమే బాధ్యురాలనీ రాశారు. ఆస్పత్రిలో అక్క చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. చట్టప్రకారం ఆమెకి రావలసినదంతా ఆ ఒక్క కాగితంతో గాలికి పోయింది, ఉద్యోగం కూడా. కానీ కంపెనీకి దయ లేకపోలేదు, దయకి వేరే విభాగమే ఉంది. వార్షికోత్సవం నాడు వేదిక మీద ఆమెకి కృత్రిమ చెయ్యి ఉచితంగా తొడుగుతామన్నారు. ముందుగా "తప్పు నాదే" అని సంతకం పెట్టాలన్నారు.

అక్క గదిలో పదిహేను మందిమి ఇరుక్కుని కూర్చున్నాం. మిగిలినవాళ్లు మెట్ల మీద ఉన్నారు. అక్క ఒంటి చేత్తో కూతురికి జడ వెయ్యబోయి, కుదరక వదిలేసింది.

"పెట్టెయ్యనా సంతకం?" అని అడిగింది. "చెయ్యి కావాలిగా నాకు."

"పెట్టకే" అంది పెద్దమ్మ. మా లైనులో అందరికన్నా పాత మనిషి ఆమె. "పెట్టావంటే నువ్వొక్కదానివే దొంగవి."

"ఇప్పుడు మాత్రం ఏమయ్యాను? మీరంతా దొరసానులు, నేనొక్కదాన్నే దొంగని."

నాకు తల కొట్టేసినట్టయింది.

"మేమూ టేపు వేశామని రాసిద్దాం" అన్నాను. "లైనంతా."

"నీకేం తల్లీ, ఒంటికాయ శొంఠికొమ్మువి!" అని మెట్ల మీంచి, మేమంతా వదినా అని పిలిచే ఆమె అరిచింది. "రాసిచ్చిన మర్నాడే గెంటేస్తారు. నాకు ముగ్గురు పిల్లలు."

"అక్కకి లేరా పిల్లలు?"

"ఉన్నారు, నేనూ అయ్యో అనే అంటున్నా. అయ్యో అనడం వేరు, నా పొయ్యిలో నేనే నీళ్లు పోసుకోవడం వేరు."

పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. "రేపు ఆ బల్ల మీద పడేది నువ్వే అనుకో. మమ్మల్నేం చెయ్యమంటావు? టేపు జేబులో దాచుకోమంటావా?"

వదిన మమ్మల్నందరినీ తిట్టింది, మా వంశాల్ని తిట్టింది. తిడుతూనే లోపలికొచ్చి మొదటి సంతకం తనే పెట్టింది. ముప్పై తొమ్మిది మందిమీ పెట్టాం. అక్క మాత్రం కంపెనీ కాగితం మీద పెట్టలేదు.

ఆ కాగితం పట్టుకుని వెళ్తే యజమాని మమ్మల్ని కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. మేం రాసిచ్చింది రెండుసార్లు చదివాడు.

"చూడండమ్మా, వ్యాపారం చేసేవాడి బాధ్యత ఒక్కటే, లాభం చూపించడం. లాభముంటేనే మీకు పని, లోకానికి సేవ. నేను నియమం దాటలేదు. రెండు చేతులూ వాడాలని గోడ మీద రాయించాను."

"గోడ మీదున్నట్టు చేస్తే మీరడిగిన మూతలు రావు సార్" అన్నాను.

"రావని చెప్పాల్సింది."

"గోడ మీదున్నట్టు చేసిన పిల్లని పంపించేశారుగా!"

"ఆ పనికి బయట వంద మంది నిలబడి ఉన్నారు. అది నా తప్పా? మార్కెట్ అమ్మా. నా చేతిలో లేదు, మీ చేతిలో లేదు."

మా కాగితం జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకున్నాడు. మర్నాడు ఉదయం ముప్పై తొమ్మిది మందికీ ఒకే ఉత్తరం ఇచ్చారు. భద్రతా నియమాన్ని ఉల్లంఘించినట్టు మేమే ఒప్పుకున్నాం కాబట్టి పనిలోంచి తీసేశామన్నారు. లేబర్ ఆఫీసుకి వెళ్తే అక్కడి అధికారి అదే కాగితం మాకు తిప్పి చూపించాడు. "మీ చేత్తో మీరే రాసిచ్చాక నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. ఆ కృత్రిమ చేతిని ఇంకెవరికో తొడిగి ఫోటో దిగారు.

గెలిచిన కథ కాదిది. నాకు చేతనైతే అదే చెప్పేదాన్ని.

రెండు నెలలు రోజూ గేటు ముందు కూర్చున్నాం. మా చోట్లలోకి కొత్తగా నలభై మంది వచ్చారు. బస్సు దిగి వెళ్తుంటే ఒక్కొక్కరికీ అక్కని చూపించి జరిగింది చెప్పేవాళ్లం. మొహం తిప్పుకుని గబగబా లోపలికి పోయేవారు. వాళ్లని తిట్టడానికి కూడా మనసొప్పేది కాదు. పనిలో ఉన్నన్నాళ్లూ మేమూ అలాగే తల దించుకుని లోపలికి నడిచాం.

ఒక మధ్యాహ్నం తనిఖీ కారు వచ్చింది. గోడ అవతల నుంచి రెండు చప్పట్లు వినిపించాయి. కాసేపటికి మళ్లీ రెండు. తర్వాత గడియారం గొంతు పోయేలా అరవడం మొదలుపెట్టాడు. కొనేవాళ్ల మనిషి బయటికొచ్చి, ఫోన్లో మాట్లాడుకుంటూ వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆర్డరు ఇంకో ఊళ్లో ఇంకో ప్రెస్సుకి ఇచ్చారని తెలిసింది. లైను మూసేసి నలభై మందినీ బయటికి పంపారు.

"చప్పట్లు కొట్టాడు" అంది వాళ్లలో ఒక కళ్లజోడు పిల్ల. "మేం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. నలభై టేపులూ అలాగే వదిలేశాం అక్కా."

యజమాని కారు గేటు దగ్గర ఆగింది. అద్దం దిగింది. "ఇప్పుడు ఎవరికీ పని లేదు. సంతోషమేనా?"

ఆ మూతలు ఎక్కడో ఇంకెవరో కొడతారు, టేపు వేసుకునే. అక్క ముందుకొచ్చింది. "నేనొక్కదాన్నే వేశానని రాశారుగా సార్. ఆ కాగితం మార్చండి."

అద్దం పైకి లేచింది. మేం కారు ముందు కూర్చున్నాం. కొత్తవాళ్లు రోడ్డు పక్కనే నిలబడి చూస్తున్నారు.

పోలీసులు వ్యాన్ తెచ్చి అక్క పేరే ముందు పిలిచారు. వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంది. పట్టుకోవలసిన కడ్డీ కుడివైపు ఉంది. అక్క రెండుసార్లు కాలెత్తి, రెండుసార్లూ దించేసింది. కళ్లజోడు పిల్ల వచ్చి చంక కింద చెయ్యి వేసి ఎక్కించింది, వెనకే తనూ ఎక్కింది.

"నిన్ను పిలిచామా? దిగు" అన్నాడు పోలీసు.

దిగలేదు. ఆమె వెనక కొత్తవాళ్లు ఎక్కారు, వాళ్ల వెనక పెద్దమ్మ, తిట్టుకుంటూ వదిన, నేను. వ్యాన్ నిండిపోయింది. సగం మందిని దిగమన్నారు. దిగితేనే బండి కదులుతుందన్నారు.

బండి కదలలేదు.