రంగు మారిన చోట

కోయంబత్తూరు ఎండలో ఊలు అల్లే మనిషిని చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. మా పీలమేడు వీధిలో అందరూ నవ్వారు, నేను పట్టించుకోలేదు. మా అమ్మాయి అభినయ కోత్తగిరి బడిలో టీచరు. కొండ మీది ఊరు, అక్కడ చలి. దాని మెడకు ఒక మఫ్లర్ అల్లుదామని మొదలుపెట్టాను. ఊలు అమ్మాయే కొని తెచ్చి ఇచ్చింది. నిజానికి మఫ్లర్ ఒక సాకు. చేతిలో ఏదో ఒక పని లేకపోతే నేను మా ఆయన మీద అరుస్తూ కూర్చుంటాను.

మా ఆయన కృష్ణస్వామికి ఆ వేసవిలో పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కాలు వచ్చింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో పెడితే ఒళ్ళోనే, బల్ల మీద పెడితే బల్ల మీదే. వ్యాయామం చేయించడానికి జెబమలర్ అనే అమ్మాయి ఇంటికి వచ్చేది. వాళ్ళ ఇంట్లోనూ తమిళం కలిసిన మా తెలుగే. రబ్బరు బంతి నొక్కమనేది, బట్టల క్లిప్పులు తీసి పెట్టమనేది. ఈయన గోడ వైపు తిరిగేవారు.

"సార్, వేళ్ళు ఇప్పుడు కదల్లేదంటే ఇంక కదిలేది కష్టం. కొంచెం మనసు పెట్టండి" అని ఆ పిల్ల బతిమాలింది.

"బిడ్డలు ఆడే బంతి నాకేమిటికి. నన్ను వదిలేసి సుమ్మా ఉండు" అన్నారు ఈయన.

పోతూ పోతూ గేటు దగ్గర ఆగి నాతో మెల్లగా చెప్పింది. "ఆ చెయ్యి ఆయన మరిచిపోతా ఉండారు అమ్మా. పూరా మరిచిపోతే నా వల్ల కాదు." ఆ మాట నన్ను రోజంతా తిననివ్వలేదు. ఆ చేత్తోనే ఆయన అన్నం కలుపుకోవాలి, చొక్కా గుండీ పెట్టుకోవాలి. అది పోతే ఈ మనిషి ఇంక మంచం దిగరని నాకు తెలుసు.

ఇక ఆ ఊలు సంగతి. ఉండ చూస్తే రంగులన్నీ కలగాపులగంగా ఉన్నాయి. సూదుల మీద కుట్లు ఎక్కించి కొన్ని వరసలు అల్లితే అంతా నీలమే వచ్చింది. ఇంతేనా అని విసుక్కున్నాను. అంతలో ఆ నీలం, నేనేమీ చేయకుండానే, మెల్లగా ఆకుపచ్చలోకి దిగింది. పచ్చ అయ్యాక నిమ్మపండు పసుపు. పోగు మార్చలేదు, ముడి వేయలేదు. అయినా చారలు మాత్రం ఎవరో కూర్చుని గీసినట్టు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. అద్దేటప్పుడే ఒక్కో రంగును బారలకొద్దీ పొడుగున వేస్తారని అభినయ ఫోనులో చెప్పింది. సంగతి తెలిశాక కూడా నా ఆశ్చర్యం తగ్గలేదు. పసుపు తర్వాత ఏమొస్తుందో చూడాలని కూర్చుని పొయ్యి మీద పప్పు మాడబెట్టాను.

మాడు వాసనకు ఈయన ఇటు తిరిగి నా చేతిలోది చూశారు.

"ఏమే రుక్మణి, ఆ నూలు ఇట్ల చూపించు. ఎవడో మోసం చేసి ఉండాడు. ఇది లాట్ మిక్స్."

ఈయన నూలు మిల్లులో, కోన్లకు నూలు చుట్టే వైండింగులో, సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఒక కోనులో ఇంకో లాటు నూలు కాస్త కలిసినా బట్టలో చార పడుతుంది, సరుకంతా వెనక్కి వస్తుంది. దాన్నే లాట్ మిక్స్ అంటారు. కోన్లను నీలిలైటు కింద పెట్టి అలాంటివి ఏరేయడమే ఈయన ఉద్యోగం. చార అంటే ఈయన దృష్టిలో నేరం. పెళ్ళయినప్పటి నుంచి నాకు ఒక్క చారల చీర కొనిపెట్టలేదు.

"మిక్స్ కాదు, కావాలనే అట్ల చేసేదంట" అన్నాను.

"కావాలని ఎవడు చేస్తాడు. మిల్లుకే తలవంపు" అని మూతి ముడుచుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళాను. గ్లాసులతో తిరిగి వచ్చేసరికి ఊలు ఉండ ఆయన మంచం మీద ఉంది. ఎడమ చేత్తో లాగి, రంగు మారిన ప్రతి చోటా పళ్ళతో కొరికేశారు. దుప్పటి మీద నీలం ఒక కుప్ప, పచ్చ ఒక కుప్ప, పసుపు ఒక కుప్ప. నా ఒళ్ళు మండిపోయింది.

"ఏంగ, ఏమి చేస్తిరి ఇది?"

"తప్పు తీసేస్తిని. నీలం నీలంతో కలిపితే సెరి అవుతాది."

"బిడ్డ ఆశగా తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల అంతగా బతిమాలితే ఒక బంతి పట్టరు. నూలు కొరికేదానికి మాత్రం బలం ఉండాదా మీకు" అని ఇంకా ఏమేమో అన్నాను. కోపం వస్తే నా నోటికి హద్దు ఉండదు.

ఆయనకూ రోషం వచ్చింది. "అరవొద్దే. తెగితే ఏమి, ముడి వేస్తే పోతాది. ఇప్పటి మాదిరి మాకేమన్నా మెషిను ముడి వేసిందా? వయసులో వైండింగులో చేరితిని, పొద్దంతా ఇదే పని" అంటూ ఎడమ చేత్తో రెండు నీలం కొనలు తీసి ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేశారు.

కుడి చెయ్యి ఒళ్ళోంచి లేచింది. బొటనవేలూ చూపుడువేలూ వంగి కొనను పట్టుకున్నాయి. చుట్టూ తిప్పాయి, సందులోంచి దూర్చాయి, లాగి బిగించాయి. రెప్పపాటు పని. ఆయన ఇంకా నన్ను తిడుతూనే ఉన్నారు. ముడి పడింది, చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి జారింది, ఆయన చూసుకోనే లేదు.

నాకు భయం వేసింది, దేవుడి ముందు నిలబడితే వేసే భయం. ఎంత పిలిచినా పలకని చెయ్యి, తెగిన నూలు కనపడగానే, యజమానికి కూడా చెప్పకుండా వచ్చి పని చేసి పోయింది. నేను నోరు తెరిస్తే దానికి తెలిసిపోయి మళ్ళీ రాదేమోనని ఊపిరి బిగపట్టాను.

"ఏమి, అట్ల నిలబడితివి?" అన్నారు.

గ్లాసులు కింద పెట్టి, పసుపు కుప్పలోంచి ఒక పోగు లాగి ఫట్‌మని తెంచాను. ఒక కొన ఆయన వైపు చాచాను.

"తెగిపోయింది. ముడి వేయండి."

"నువ్వే కదా తెంచితివి."

"ఔను, నేనే. వేయండి. ఇందాక ఏ చేత్తో వేస్తిరో ఆ చేత్తో."

అప్పుడు ఆయన తన కుడి చేతిని చూసుకున్నారు. నీలం ముడిని చూశారు. మళ్ళీ చేతిని చూశారు. "ఇది నేనా వేసింది" అని అడిగారు, చిన్నపిల్లాడి గొంతుతో. నేను తల ఊపాను.

ఈసారి చెయ్యి అంత సులువుగా లేవలేదు. తెలిసి చేయడం వేరు కదా. బొటనవేలు వణికింది, కొన జారిపోయింది, మళ్ళీ పట్టుకుంది. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నా కంగారులో నేను అందించిన రెండో కొన పసుపు కాదు, నీలం. అది ఆయన చూశారు. జీవితమంతా వేరు రంగును ఏరి పారేసిన మనిషి, పళ్ళు బిగించి, పసుపునూ నీలాన్నీ కలిపి ముడి వేశారు.

ముడిని వేలితో తడిమి చూసుకుని, "ఇంకో రెండు కొనలు ఇయ్యి. ఏ కలరైనా పరవాలేదు" అన్నారు.