నడుస్తున్న పనిని జరపడం

నీళ్ల బిందె ఎత్తబోతుంటే అత్తమ్మ గబగబా వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. "నువ్వు లేపకు బిడ్డా, నేను తెస్త. పొయి జర కూసో," అంది. పెళ్లై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట నాకోసం 'కూసో' అన్న మాట రాలేదు. వంటింటి గడప దగ్గర నా భర్త శ్యాంసుందర్ చింతచిగురు ముందేసుకుని పుల్లలు ఏరుతున్నాడు. పోయినేడు నాకు జ్వరమొచ్చి పడుకుంటే, "పప్పన్నం కూడ పెట్టరాదా, గంత చేతనైతలేదా?" అన్న మనిషి. ఏరుతూ ఏరుతూ తలెత్తకుండా అడిగాడు. "నవ్యా, గా మూడు సాఫ్ట్‌వేర్లల్ల ఏది మంచిదని రాస్తున్నవ్?"

మా బాపు వేములవాడ దగ్గర మా ఊళ్లో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. షెడ్డులో చెవులు దిబ్బళ్లు పడే చప్పుడు. బాపు ఆ చప్పుడును పట్టించుకునేవాడు కాదు. అది కొంచెం మారితే మాత్రం లేచి, ఏ సాంచె మీద పోగు తెగిందో చూసేవాడు. బడి నుంచి వచ్చి ఆ షెడ్డులోనే కూర్చుని చదువుకున్నదాన్ని, నాకూ ఆ చెవి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో చప్పుడు మారింది.

నేనూ నా భర్తా కరీంనగర్‌లో ఒకే విత్తనాల కంపెనీలో పనిచేస్తాం. ఆయన అకౌంట్స్‌లో, నేను కంప్యూటర్ల దగ్గర. "నేనే పెట్టిచ్చిన," అని ఆయన చుట్టాల ముందు చెప్పుకుంటాడు. నా ఉద్యోగం పేరు ఆపరేటర్. కానీ బిల్లింగ్ ఆగినా, గోదాం స్టాకు తెరుచుకోకపోయినా, కెమెరాలు పోయినా పిలుపు నాకే వస్తుంది. ఒక్కో పనికి ఒక్కో పాత కంప్యూటర్. నాట్ల ముందర అందులో ఒకటి మొరాయించిందంటే గేటు బయట రైతులు వరస కడతారు. అందుకే ఓనర్ ప్రేమ్‌సాగర్‌రావు సార్ రెండు పెద్ద సర్వర్లు కొని, పనులన్నీ వాటిలోకి మార్చాలనుకున్నాడు. ఒకే యంత్రంలో నాలుగు యంత్రాలు వేరువేరుగా నడిచినట్టు చేసే సాఫ్ట్‌వేర్ కావాలి. అట్లాంటివి మూడున్నాయి. "మూడూ నువ్వే నడిపి చూసి చెప్పమ్మా. ఏది పెట్టినా దానికి ఒక ఇంచార్జి ఉండాలె. కొత్త పోస్టు పెడుతున్న," అన్నాడు. ఆ పోస్టు నాదేనని అనుకున్నాను. పైకి అనలేదు.

వీఎంవేర్ పెద్ద పేరు. ఏటా చందా కట్టాలి, ఏమన్నా అయితే హైదరాబాదు నుంచి వచ్చి చూసేవాళ్లు దొరుకుతారు. హైపర్-వీ మేము ఎట్లాగూ కొనే విండోస్ సర్వర్‌తోనే వస్తుంది. ప్రాక్స్‌మాక్స్‌కు లైసెన్సు ఖర్చు లేదు, కాకపోతే దాని గుణం తెలిసిన మనిషి ఆఫీసులో ఉండాలి. నా మనసు మూడోదాని వైపే పోయేది. పోయిన మరుక్షణం నామీద నాకే అనుమానం వచ్చేది. కంపెనీ కోసం రాస్తున్నానా, నా పోస్టు కోసం రాస్తున్నానా? అందుకని మళ్లీ మొదటినుంచి మూడూ నడిపి చూసేదాన్ని. శ్యాంసుందర్‌కు మాత్రం ఏ అనుమానమూ లేదు. "మొదటిదే రాయ్. గదైతే ఎవలైనా నడుపుకోవచ్చు," అనేవాడు. ఎవలైనా అంటే ఎవరని నేను అడగలేదు. హైదరాబాదులో ఉద్యోగం పోయి ఇంటికి వచ్చిన మా మరిది శ్రీహరి, అన్నం తింటూ తనే చెప్పాడు. "వదినా, గా పాస్‌వర్డులన్ని ఒక్కతాన పెట్టి నాకు గూడ చూపియ్. ఖాళీగుండుడెందుకు, నేర్చుకుంట." మా ఆయన వెంటనే మాట మార్చి, "పచ్చిపులుసు మంచిగున్నది," అన్నాడు. అది ఆ ఇంట్లో నా వంటకు దొరికిన మొదటి మెప్పు.

దయ రోజురోజుకూ పెరిగింది. అత్తమ్మ పుల్లటి మామిడికాయ కోసి, ఉప్పూ కారం అద్ది తెచ్చింది. "గిప్పుడెందుకత్తమ్మా?" అంటే, "తినాలనిపిస్తది గద!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆఫీసులో బిల్లింగ్ దగ్గరుండే బాలలక్ష్మి నేను కేబుళ్ల డబ్బా జరుపుతుంటే ఉరికొచ్చింది. "నువ్వు ముట్టకక్కా, నేను జరుపుత."

"ఎందుకే?"

"ఏం లేదక్కా, గట్లనే." నవ్వు దాచుకోవడం ఆమెకు రాలేదు.

ఇంటి దయ ఆఫీసు దాకా వచ్చిందంటే ఎవరో మోసుకొచ్చి ఉండాలి. ఇద్దరు మనుషులు రెండు చోట్లా తిరుగుతారు. అందులో ఒకదాన్ని నేను.

ఆ వారం నేను చూస్తున్న పరీక్ష ఒకటుంది. నడుస్తున్న పనిని ఆపకుండా ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌లోకి జరపాలి. బిల్లు కొట్టే బాలలక్ష్మికి తెలియకూడదు, బయట నిలబడ్డ రైతుకు తెలియకూడదు. మూడు సాఫ్ట్‌వేర్లూ ఆ పనిని చక్కగానే చేశాయి. తెర మీద గీత నిండుతూ పోయింది, బాలలక్ష్మి బిల్లులు కొడుతూనే ఉంది. మామిడికాయ ముక్కలు, చింతచిగురు, పచ్చిపులుసు మెప్పు. నన్నూ ఇట్లాగే జరుపుతున్నారు.

ఆ సాయంత్రం ఆయన్ను సూటిగా అడిగాను. "కొత్త పోస్టు సంగతి సార్‌తో ఏమన్న మాట్లాడినవా?"

"నీకెందుకు ఫికర్? నీకు పరేషాన్ కావద్దనే నేను చూస్తున్న," అన్నాడు.

సార్ రిపోర్టు చెప్పమన్న రోజు నేను గదిలోకి వెళ్లేసరికి శ్యాంసుందర్ అక్కడే ఉన్నాడు. పక్కన ఇస్త్రీ చొక్కాలో శ్రీహరి. టేబుల్ మీద మిఠాయి డబ్బా. సార్ ముఖం నిండా నవ్వు. "తీసుకోమ్మా. మూడో నెల పడ్డదట గద! మూడు నెలలు నిండకముందు చెప్పొద్దంటరు గని, శ్యాంసుందర్ ఉండబట్టలేక నాతోని చెప్పిండు. మానేస్తనని నువ్వే అన్నవట, మంచిదే. పని ఆగకుంట మీ మరిదికే అప్పజెప్పు. ఇంటి మనిషే గద."

నాకు మొదట అర్థం కాలేదు, తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. పోయిన నెల నాకు నెలసరి ఆలస్యమైంది. ఆ సంగతి ఆయనకు చెప్పాను. తర్వాత వచ్చింది, అదీ ఆయనకే చెప్పాను. ఆయన మొదటి మాట వాళ్లమ్మకు, సార్‌కు మోశాడు. రెండో మాట తన దగ్గరే ఉంచుకున్నాడు. మా ఇంట్లో నెలసరి రోజుల్లో వేరే కూర్చునే ఆచారం లేదు కాబట్టి అత్తమ్మకు తెలిసే దారి లేదు. మూడు నెలలు నిండేదాకా ఎవరూ పైకి అడగరు. పాపం, ఆమె నిజమనుకునే బిందె మోసింది.

ఆయన నా పక్కకు వంగి, పెదవులు కదలకుండా అన్నాడు. "ఇయ్యాల కాకుంటె రేపైతది గద. ఊకో."

ఊరుకోవడం నాకు బాగా తెలిసిన పని. ఊరుకుంటే నలుగురూ మిఠాయి తిని లేస్తారు, పని ఆగదు, ఎవరికీ ఏమీ తెలియదు. నేను డబ్బా మూతపెట్టి పక్కకు జరిపాను. మగవాళ్లు ముగ్గురున్న ఆ గదిలోనే ఆ మాట అన్నాను.

"సార్, నాకు కడుపు లేదు. మానేస్తనని నేను ఎవలకు చెప్పలే."

సార్ ఆయన వైపు చూశాడు. ఆయన నేల వైపు చూశాడు. "ఇంటికాడ మాట్లాడుకుందాం తియ్," అన్నాడు గొంతు తగ్గించి.

"ఇంటికాడిది ఇంటికాడ మాట్లాడుదాం. గిది ఆఫీసు." "రేపటి సంది నా సంగతి ఏదున్నా నన్నే అడుగుండ్రి సార్."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి శ్రీహరి..." అన్నాడు. శ్రీహరి అప్పటికే సగం లేచి తలుపు వైపు చూస్తున్నాడు.

నేను లాప్‌టాప్ తెరిచి, తెర సార్ వైపు తిప్పాను.

"కూసోమనుండ్రి సార్. నేను చెప్తుంటె ఇంటడు."