చేపల పెట్టెల్లో నాటు టమాటాలు

శ్రావణమాసంలో ఎల్లాజీ చెయ్యి విరిగింది. నడిసముద్రంలో వల లాగుతుంటే తాడు మెలిపడి, మోచేతి కింద ఎముక పుటుక్కుమంది. డాక్టరు సిమెంటు కట్టు వేసి, దీపావళి వెళ్ళేదాకా సముద్రం వైపు చూడొద్దన్నాడు. చూడకుండా ఎలా? జాలరిపేటలో ఎల్లాజీ ఇంటి డాబా ఎక్కితే కనిపించేదంతా సముద్రమే.

మీసాలు రాకముందు నుంచీ వేటకు వెళ్ళిన మనిషి. ఇంట్లో కూర్చోవడం చేతకాలేదు. భార్య చిట్టమ్మ చేపలు కడుగుతుంటే పక్కన నిలబడి అలా కాదు ఇలా అనేవాడు. పక్కింటి దుర్గారావుకి ఆటో ఎక్కడ ఆపాలో చెప్పేవాడు. "బావా, నీ సెయ్యి బేగి అతుక్కోవాలని నీకన్నా నాను ఎక్కువ మొక్కుకుంతన్నాను" అన్నాడు దుర్గారావు.

చిట్టమ్మ తెల్లారే రేవులో వేలంలో చేపలు పాడుకుని, మధురవాడ అపార్టుమెంట్లలో అమ్ముతుంది. అక్కడ ఆదిలక్ష్మమ్మ అనే పెద్దావిడ ఆమెకు పాత ఖాతా. ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసిన కుటుంబం. ఇప్పుడు కూతురి ఫ్లాట్‌లో ఉంటోంది. ఆ బాల్కనీ నిండా కుండీలే. ఒకరోజు ఆవిడ నెత్తళ్ళ చేపలు కొని, చిట్టమ్మ గంపలో నాలుగు టమాటాలు వేసింది. బజారులో దొరికే గుడ్డు ఆకారం కాయలు కావవి. గుండ్రంగా, అణిగి, గుమ్మడికాయలా గాడులు పడి ఉన్నాయి.

"మా ఊరి రామ్ములక్కాయలివి. పులుసులో ఏసి సూడు. సింతపండు సగం సాలు."

ఆ మధ్యాహ్నం ఎల్లాజీ మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

"ఏటేసినావే ఇందులో?"

చిట్టమ్మ చెప్పింది. ఒక కాయ మిగిలిందని కూడా చెప్పింది. ఎల్లాజీ ఆ కాయను ఎడమ చేత్తో నలిపి, గింజలు తీసి, బూడిదలో దొర్లించి కాగితం మీద ఆరబెట్టాడు.

"నాను పెంచుతాను."

చిట్టమ్మ పగలబడి నవ్వింది. "సొరసేపని పెంచుతానన్నా నమ్ముదును మావా!"

రేవులో చేపలకు ఐసు వేసే థర్మాకోల్ పెట్టెలు పగిలినవి ఎన్నో పడి ఉంటాయి. ఎల్లాజీ మంచివి ఏరి డాబా మీదికి చేర్చాడు. ఒంటిచేత్తో బకెట్టు మోసి తీరం ఇసుకతో నింపాడు. గింజలు చల్లాడు. వారం తిరక్కుండా దారాల్లాంటి మొలకలు లేచాయి. పొద్దున్నే లేచి వాటిని చూసుకోవడం, సాయంత్రం మళ్ళీ చూసుకోవడం. ఎల్లాజీ ఇక దుర్గారావు ఆటో జోలికి పోవడమే మానేశాడు.

అంతలో ఆకులు పసుపెక్కాయి. ఒకదాని తర్వాత ఒకటి తల వాల్చేశాయి. ఒక పొద్దున చిట్టమ్మ డాబా మీదికి వచ్చేసరికి ఎల్లాజీ ఎండిన మొలకల పెట్టెల పక్కన కూర్చుని ఉన్నాడు. ఏదో వెటకారం ఆడబోయి నోరు మూసుకుంది. మర్నాడు గంపతో పాటు మొగుణ్ణీ దుర్గారావు ఆటో ఎక్కించి మధురవాడ తీసుకెళ్ళింది.

సంగతి విని ఆదిలక్ష్మమ్మ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "ఓలమ్మో! సముద్రం ఇసకలోనా? ఇత్తనాలేసినావా, ఊరగాయెట్టినావా నాయనా?"

ఎల్లాజీ మొహం ముడుచుకుంది. ఆమె అది గమనించి, పమిటతో కళ్ళు తుడుచుకుంది.

"నవ్వుతన్నాను గానీ, నానూ ఈ బాల్కనీకొచ్చిన కొత్తలో ఒకటే నీళ్ళు పోసీసి నారంతా కుళ్ళబెట్టీసినాను. మట్టిలో పుట్టిందాన్ని, నాకే సిగ్గేసింది. నీకేటి? మళ్ళీ ఎయ్యి."

ఇంకాసిని గింజలిచ్చింది. వాటితో పాటు బంతి విత్తనాలు, గుప్పెడు ధనియాలు, ఒక పుదీనా కొమ్మ. పెట్టెల్ని మంచినీళ్ళతో బాగా కడిగి ఉప్పు వదిలించాలనీ, అడుగున బెజ్జాలు పెట్టాలనీ, ధనియాలు చెప్పుకింద నలిపి బద్దలు చేసి చల్లాలనీ చెప్పింది. మట్టి ఎక్కడ దొరుకుతుందంటే, ఆనందపురంలో తన తమ్ముడి కళ్ళానికి వెళ్ళమంది. దుర్గారావు ఆటోలో నాలుగు బస్తాల ఎర్రమట్టి, రెండు బస్తాల పశువుల గత్తం జాలరిపేట చేరాయి. ఆ గత్తం వాసనకి ప్యాసింజర్లు రెండ్రోజులు ముక్కు మూసుకున్నారు. "సేపల వాసనకి ఒక్కడూ అనలేదు బావా, పేడ వాసనకి దిగిపోతన్నారు" అని దుర్గారావు మొత్తుకున్నాడు.

ఈసారి మొక్కలు నిలిచాయి. ముందు కొత్తిమీర లేచింది, తర్వాత బంతి. టమాటా నారు జానెడయ్యాక ఒక్కో పెట్టెకి ఒక్కో మొక్క చొప్పున ఎల్లాజీ మార్చి నాటాడు. సముద్రపు గాలికి అడ్డంగా పాత వల నాలుగు మడతలు వేసి కట్టాడు.

దసరా వెళ్ళగానే వాయుగుండం వచ్చింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. మధ్యాహ్నానికి ఆకాశం బొగ్గులా అయింది. పేటలో మగాళ్ళంతా పడవల్ని పైకి లాగుతున్నారు. విరిగిన చేత్తో ఎల్లాజీ తాడు పట్టలేడు. కాసేపు గట్టు మీద నిలబడి, ఉండబట్టలేక డాబా ఎక్కాడు. ఒక పెట్టెని రొమ్ముకి అదుముకుని మెట్లు దిగుతుంటే కాలు జారింది. వెనకే వస్తున్న చిట్టమ్మ చొక్కా పట్టుకుని ఆపింది.

"రామ్ములక్కాయ కోసం రెండో సెయ్యి కూడా ఇరగ్గొట్టుకుంతావేటి?"

"గాలికి పోతాయే సిట్టీ."

ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. తిరిగి పైకెక్కి పిట్టగోడ మీదుగా వంగి కేకేసింది. "ఓ దుర్గారావన్నా! పడవలైపోతే ఇటు రండి!"

దుర్గారావు, ఇంకో ముగ్గురూ తడి బట్టలతోనే వచ్చారు. "నువ్వొగ్గీ బావా, నాను పడతాను" అని పెట్టెలు అందుకున్నారు. ఒక్కటే గది. మంచం గోడకి నిలబెట్టి, మిగతా చోటంతా మొక్కలు సర్దారు. గాలి రెండు రోజులు హోరెత్తింది. ఆ రెండు రోజులూ చిట్టమ్మ బంతిమొక్కల మధ్య పొయ్యి పెట్టుకుని వండింది. చెయ్యి చాపితే కొత్తిమీర, పక్కకు తిరిగితే పుదీనా. "బాగానే ఉంది మావా, బజారుకెళ్ళక్కర్లేదు" అంది. బయట వల తెర ఎక్కడికో ఎగిరిపోయింది. పడవలు మాత్రం క్షేమం. మొక్కల్లో రెండు విరిగాయి, అంతే.

దీపావళి తర్వాత కట్టు విప్పారు. వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. వాటికి పని చెప్పమన్నాడు డాక్టరు. ఎల్లాజీ వెదురుపుల్లలు పాతి, వల దారంతో ఒక్కో కొమ్మనీ కట్టడం మొదలుపెట్టాడు. మొదట ఒక్క ముడికి చెమటలు పట్టేవి. పోనుపోనూ వేళ్ళకి పాత నేర్పు వచ్చింది. కార్తీకం చివర మళ్ళీ వేటకు వెళ్ళాడు. నీళ్ళు పోసే పని చిట్టమ్మ మీద పడింది.

ధనుర్మాసానికి కాయలు పండాయి. చిట్టమ్మ వాటిల్లోకెల్లా పెద్దది, నాలుగు గాడులున్న ఎర్రటి కాయ కోసి కానాగంతల చేపల పులుసు పెట్టింది. వేట నుంచి వచ్చిన ఎల్లాజీ ముందు డాబా ఎక్కాడు. దిగేసరికి మొహం మాడిపోయింది.

"ఆ కాయేదే?"

"పులుసులో ఉంది."

"అది ఇత్తనానికి ఒగ్గీసినాను!"

"సెప్పకపోతే నాకెలా తెలుత్తాది? దాని మీద రాసుందేటి?"

ఎల్లాజీ మజ్జిగన్నం తిని లేచాడు. పులుసు ముట్టలేదు. మర్నాడు చీకటితోనే పడవెక్కాడు.

చిట్టమ్మకి ఒళ్ళు మండింది. ఆ కోపంతోనే నీళ్ళు పోయడానికి డాబా ఎక్కింది. ఒక్కో మొక్కనీ చూస్తూ, మధ్య పెట్టెలో తెగులు లేని చెట్టు దగ్గర ఆగింది. దానికి ఇంకో మంచి కాయ ఎర్రబడింది. రిబ్బను ముక్క తెచ్చి దానికి ముడేసింది. కాకుల్ని తోలింది. ఆ కాయ మీద చెయ్యి వేసిన దుర్గారావు పెళ్ళాన్ని కూడా తోలింది.

పడవ తిరిగి వచ్చేసరికి ఆ కాయ మెత్తబడి కొమ్మకే వేలాడుతోంది. ఎల్లాజీ రిబ్బను చూశాడు. కిందికి దిగి చిట్టమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు పులుసు ఏమైనా మిగిలిందేటి?"

"మూడు రోజులైతే ఎక్కడుంటాది? దుర్గారావన్న తినీసినాడు. రెండు సార్లు ఏయించుకున్నాడు."

ఎల్లాజీకి నవ్వొచ్చింది. ఇద్దరూ డాబా ఎక్కారు. అతను కాయను చీల్చాడు, ఆమె గింజల్ని బూడిదలో దొర్లించింది.

"వచ్చే పంటకి నాకు మూడు పెట్టెలు కావాలి" అంది చిట్టమ్మ. "సామంతిపూలేసుకుంతాను. వాటి మీద నువ్వు సెయ్యెయ్యకూడదు."

"నీళ్ళైనా పొయ్యనిస్తావా?"

"అడిగి పొయ్యి."