పొడి బూడిద

తగువు దిండు దగ్గర మొదలయింది. పీరాంబీ తెల్లారగానే రాత్రి మొగుడు తల కింద పెట్టుకున్న దూది దిండు లాగేసి, పాతచీర మడిచి పెట్టింది.

"దూది ఏకేటోని తలకింద దిండు లేదంటే వేంపల్లె అంతా నవ్వుతాది" అని నబీ రసూల్ సణిగాడు. సణుగుడు చివర ఖళ్ళుమని దగ్గాడు. ఆమె కఫం ఉమ్మను బూడిద పోసిన కొబ్బరిచిప్ప నోటిముందు పెట్టింది. అతను పక్కకు నెట్టాడు.

అతనికి యాభై రెండేళ్ళు. దూది ఏకే విల్లు మోసిన కుడిభుజం కాస్త కుంగి ఉంటుంది. ఎన్ని నీళ్ళు పోసుకున్నా కనుబొమల్లో తెల్లటి నూగు పోదు. ముప్పై అయిదేళ్ళుగా ప్రొద్దుటూరులో పెళ్ళిపరుపులకు అతని చేతి దూదే. పని చేస్తుంటే ఆ దుమ్ములో మనిషి కనబడడు. నారి మోత, దగ్గు, రెండే వినబడతాయి.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన ఏడు ఆ దగ్గు మరీ ఎక్కువయింది. డాక్టరు పదిహేను రోజులు దూదికి దూరంగా ఉండమన్నాడు. అప్పటికీ దగ్గూ కఫమూ వెంటే వస్తే బీడీలతో ముదిరిన బ్రాంకైటిస్; బీడీ మానేసి, మందు తాగుతూ పని చేసుకోవచ్చునేమో చూద్దామన్నాడు. దూరమవగానే తగ్గిందా, అది దూదితో వచ్చిన ఎలర్జీ. ఇక విల్లు ముట్టకూడదు, ముడితే ఒకరోజు ఊపిరి అందదని కూడా చెప్పాడు.

ఇద్దరూ వేంపల్లెలో కూతురు మైమూన్ ఇంటికొచ్చారు. మూడు రోజుల్లో దగ్గు తగ్గింది. నాలుగోనాడు మళ్ళీ మొదలయింది. ఇవాళ పద్నాలుగో రోజు. పీరాంబీ రోజూ చిప్పలో బూడిద మార్చేది, మార్చే ముందు వేలితో కలిపి చూసేది.

మధ్యాహ్నం అతను పంచలో కునుకు తీశాడు. ఆమె అతని ఎద దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నది. ప్రొద్దుటూరులో పిల్లికూతలు కూసిన ఎద అది. ఇప్పుడు గాలి సాఫీగా పోయి వస్తోంది. తలాపున ఉన్న సంచి జరపబోతే లోపల గట్టిగా ఏదో తగిలింది. తడిమి చూసింది. నారి మీద కొట్టే కొయ్యగూటం. దాన్ని కదిలించకుండా చెయ్యి తీసేసింది.

పొద్దుగూకక ముందే మైమూన్ సంగటి వడ్డించింది. నాయనకు దగ్గు తగ్గనేలేదు గదా, డాక్టరుకు అదే చెప్పమంది. నబీ రసూల్ తలూపి, ఇంకోసారి దగ్గాడు.

పీరాంబీ లేచి చిప్ప తెచ్చి అతని పళ్ళెం పక్కన పెట్టింది.

"పదకొండు దినాలు దగ్గినావు. దీంట్లో తడి యాడుందో చూపిచ్చు."

మైమూన్ చేతిలో గరిటె ఆగింది. అతను బూడిద వైపు చూశాడు. ఉఫ్‌మంటే ఎగిరిపోయేట్టుంది.

"డాక్టరుకు చెప్తావా?"

"నేనెందుకు చెప్పేది? నువ్వే చెప్పు. ఊపిరి నీది."

అతను ఇంకోసారి దగ్గబోయాడు. సగమే వచ్చింది. చేతిలో ముద్ద చల్లారేదాకా అట్లాగే కూర్చుని, ఆఖరికి దాన్ని మింగాడు.

"రేపు ప్రొద్దుటూరికి నువ్వొక్కదానివే పో" అన్నాడు. "విల్లు దించి ఎవురికన్నా ఇచ్చేయ్. నేను ఈడ్నే ఉంటా. చూస్తే ఇయ్యలేను."

లేచి, ఎంగిలి కడుక్కుని, సంచిలోంచి గూటం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇది లేకుంటే నారి పలకదని, దీన్నీ తీసుకుపొమ్మని చెప్పి బయటికి పోయాడు.

పిడి మీద నాలుగువేళ్ళ గుంతలు నున్నగా మెరుస్తున్నాయి. పగుల్లో ఇరుక్కున్న దూదిపోగు ఒకటి, పీరాంబీ ఊపిరి తగిలినప్పుడల్లా కదులుతోంది.